మెత్తని కాంటాక్ట్ లెన్సులు: కంటికి గాలి ఆడితే చాలా?

కళ్ళజోడుకు బదులు కాంటాక్ట్ లెన్సులు పెట్టుకునేవారు ఈ రోజుల్లో పెద్ద పట్టణాల్లోనే కాదు, చిన్న ఊళ్ళలో కూడా కనబడుతున్నారు. కాలేజీకి వెళ్ళే అమ్మాయిలు, ఉద్యోగం చేసే అబ్బాయిలు, పెళ్ళిచూపులకు జోడు వద్దనుకునేవారు వీటిని కొనుక్కుంటున్నారు. కంటి విభాగంలో మేము జాగ్రత్తలు చెబుతుంటే చాలామంది తల్లిదండ్రులు, "ఇవి గాలి ఆడే లెన్సులేనట సిస్టర్, పెట్టుకుని పడుకున్నా ఏమీ కాదని షాపులో చెప్పారు" అంటారు.

ఈ మాటలో సగం నిజం ఉంది. మిగతా సగాన్ని నమ్మితే కన్ను పోయే ప్రమాదం ఉంది. ఏది నిజమో, ఏది కాదో ఇంట్లోవారందరూ తెలుసుకోవాలి. ఎందుకంటే లెన్సు పెట్టుకునేది ఒక్కరే అయినా, రాత్రి తీశారా లేదా అని అడగగలిగేది, కన్ను ఎర్రబడితే ముందుగా చూసేది ఇంట్లోవారే.

నల్లగుడ్డుకు గాలి ఎలా అందుతుంది?

మనం నల్లగుడ్డు అని పిలిచే భాగం మీద, గడియారం మీది అద్దంలాగా ఒక స్వచ్ఛమైన పొర ఉంటుంది. దీనిని కార్నియా అంటారు. మధ్యభాగంలో దీని మందం సుమారు అర మిల్లీమీటరు మాత్రమే. వెలుతురు ముందుగా దీని గుండానే కంటిలోకి వెళ్తుంది. అందుకే ఇది అద్దంలా శుభ్రంగా ఉండాలి.

మన శరీరంలో దాదాపు అన్ని భాగాలకు రక్తం ద్వారా ప్రాణవాయువు, అనగా ఆక్సిజన్ అందుతుంది. కార్నియాలో మాత్రం రక్తనాళాలు ఉండవు. ఉంటే వెలుతురుకు అడ్డు వచ్చి చూపు మసకబారుతుంది. కనుక కార్నియా తనకు కావలసిన ఆక్సిజన్‌ను ఎక్కువ భాగం బయటి గాలి నుండే తీసుకుంటుంది. గాలిలోని ఆక్సిజన్ కన్నీటిలో కరిగి కార్నియాకు చేరుతుంది.

కళ్ళు తెరిచి ఉన్నప్పుడు కార్నియా ముందున్న గాలిలో 21 శాతం ఆక్సిజన్ ఉంటుంది. కళ్ళు మూసుకుని నిద్రపోతున్నప్పుడు రెప్ప లోపలి రక్తనాళాల నుండి వచ్చేదే ఆధారం. అది సుమారు 8 శాతానికి సమానం. అందుకే లెన్సు లేకపోయినా ప్రతి మనిషికీ రాత్రి నిద్రలో కార్నియా 3 లేక 4 శాతం ఉబ్బుతుంది. ఉదయం లేచి కళ్ళు తెరిచాక కొద్దిసేపటికే మామూలు స్థితికి వస్తుంది.

లెన్సు అడ్డు వస్తే ఏమవుతుంది?

కాంటాక్ట్ లెన్సు సరిగ్గా ఈ కార్నియా మీదనే కూర్చుంటుంది. గాలి సరిగా ఆడని లెన్సు అయితే, తలుపులన్నీ మూసిన గదిలో మనిషి ఉన్నట్టే. ఆక్సిజన్ చాలనప్పుడు కార్నియా కణాలలో లాక్టిక్ ఆమ్లం పేరుకుంటుంది. అది నీటిని లోపలికి లాగుతుంది. కార్నియా ఉబ్బి చూపు మబ్బుగా అవుతుంది. దీపం చుట్టూ రంగుల వలయాలు కనబడవచ్చు.

కార్నియా లోపలి వైపున ఒకే వరుసలో పేర్చినట్టు ఉండే కణాలు ఉన్నాయి. బావిలో ఊరే నీటిని మోటారు తోడినట్లు, ఇవి కార్నియాలో చేరే నీటిని ఎప్పటికప్పుడు బయటికి తోడుతూ దానిని స్వచ్ఛంగా ఉంచుతాయి. పెద్దవారిలో ఈ కణాలు నశిస్తే వాటి స్థానంలో కొత్తవి పుట్టవు. ఏళ్ళ తరబడి ఆక్సిజన్ చాలకపోతే ఈ కణాల ఆకారం, పరిమాణం కూడా మారిపోతాయి.

ఇంకొక మార్పు కూడా జరుగుతుంది. గాలి నుండి రానిది రక్తం నుండైనా తెచ్చుకోవాలని, తెల్లగుడ్డు వైపు నుండి సన్నని రక్తనాళాలు కార్నియాలోకి పాకడం మొదలుపెడతాయి. నల్లగుడ్డు అంచు చుట్టూ ఎర్రని గీతలా కనబడడం దీనికి తొలి గుర్తు. నొప్పి ఉండకపోవచ్చు. నొప్పి లేదు కదా అని చాలామంది అశ్రద్ధ చేస్తారు.

గాలి ఆడే మెత్తని లెన్సులు ఎలా వచ్చాయి?

మెత్తని లెన్సును తయారు చేసిన మొదటి వ్యక్తిగా చెకోస్లోవేకియా రసాయన శాస్త్రవేత్త ఒట్టో విష్టర్లేను చెప్పుకుంటారు. 1961 క్రిస్మస్ సమయంలో, పిల్లలు ఆడుకునే లోహపు ముక్కల సెట్టుతో, సైకిలు డైనమోతో ఇంట్లోనే యంత్రం కట్టి ఆయన ఈ లెన్సులు చేశారు. 1971లో అమెరికా ప్రభుత్వం మెత్తని లెన్సుల అమ్మకానికి అనుమతి ఇచ్చింది.

ఆ లెన్సుల పదార్థాన్ని హైడ్రోజెల్ అంటారు. అందులో సుమారు 38 శాతం నీరు ఉండేది. ఆక్సిజన్ ఆ నీటి ద్వారానే కంటికి చేరాలి. నీరు ఎంత ఆక్సిజన్‌ను మోయగలదో అంతే వస్తుంది. పగటిపూట ఎలాగో సరిపోయినా, ఆ లెన్సుతో నిద్రపోతే కార్నియా 10 నుండి 15 శాతం వరకు ఉబ్బేది.

1984లో బ్రయన్ హోల్డెన్, జార్జ్ మెర్ట్స్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు లెన్సు గుండా ఎంత ఆక్సిజన్ వెళ్ళాలో లెక్క కట్టారు. పగలు మాత్రమే పెట్టుకునే లెన్సుకు కనీసం 24, రాత్రి కూడా ఉంచే లెన్సుకు కనీసం 87 ఉండాలని చెప్పారు. 1999లో మరికొందరు పరిశోధకులు ఈ అంకెలను 35, 125గా పెంచారు. ఈ కొలతను డి.కె./టి. అంటారు. లెన్సుతో వచ్చే కాగితంలో ఇది తరచుగా ఉంటుంది, అడిగి తెలుసుకోవచ్చు. పాత హైడ్రోజెల్ లెన్సులలో చాలావాటికి ఇది 20, 30 దగ్గరే ఉండేది.

1999లో సిలికాన్ హైడ్రోజెల్ అనే కొత్త రకం లెన్సులు బజారులోకి వచ్చాయి. వీటిలో ఆక్సిజన్ నీటి ద్వారా కన్నా సిలికాన్ ద్వారా ఎక్కువగా ప్రయాణిస్తుంది. వీటిలో చాలావాటి డి.కె./టి. అంకె 80 నుండి 170 దాకా ఉంటుంది. ఈ లెన్సులు వచ్చాక కార్నియా ఉబ్బడం, అంచు ఎర్రబడడం, రక్తనాళాలు పాకడం బాగా తగ్గాయి. ఇదే నేను మొదట చెప్పిన సగం నిజం. గాలి విషయంలో ఇవి నిజంగా మేలైనవే.

ఒక్క మాట గుర్తుంచుకోండి. డబ్బాపై రాసిన అంకె సాధారణంగా మైనస్ 3 పవరు లెన్సు మధ్యభాగానికి కొలిచినది. పవరు పెరిగేకొద్దీ మైనస్ లెన్సుకు అంచు, ప్లస్ లెన్సుకు మధ్యభాగం మందమవుతాయి. మందం ఉన్నచోట గాలి తక్కువ ఆడుతుంది. కనుక ఎక్కువ పవరు ఉన్నవారు డాక్టరుగారు రాసిన లెన్సునే కొనాలి.

గాలి అందినా పుండు ఎందుకు పడుతుంది?

ఇప్పుడు మిగతా సగం చూద్దాం. 1981లో అమెరికాలో కొన్ని మెత్తని లెన్సులను 30 రోజులు తీయకుండా ఉంచుకోవచ్చని అనుమతి ఇచ్చారు. కొన్నేళ్ళలోనే కార్నియా మీద పుండ్లు పడిన కేసులు ఎక్కువయ్యాయి. 1989లో ఆ గడువును 7 రోజులకు తగ్గించారు. ఆక్సిజన్ చాలకనే ఈ పుండ్లు పడుతున్నాయని అప్పట్లో చాలామంది భావించారు. ఎక్కువ గాలి ఆడే లెన్సు వస్తే ఈ బాధ తీరుతుందని ఆశించారు. 2001లో కొన్ని సిలికాన్ హైడ్రోజెల్ లెన్సులకు మళ్ళీ 30 రాత్రుల అనుమతి వచ్చింది.

ఆ ఆశ నెరవేరలేదు. ఆస్ట్రేలియాలో చేసి 2008లో ప్రచురించిన పెద్ద అధ్యయనంలో, ఏడాదికి ప్రతి 10,000 మంది లెన్సు వాడేవారిలో ఎంతమందికి కార్నియా మీద క్రిముల పుండు వచ్చిందో లెక్కించారు.

- మామూలు మెత్తని లెన్సులు పగలు మాత్రమే పెట్టుకునేవారిలో: సుమారు 2.
- మామూలు మెత్తని లెన్సులతో రాత్రి నిద్రపోయేవారిలో: 19.5.
- ఎక్కువ గాలి ఆడే సిలికాన్ హైడ్రోజెల్ లెన్సులతో రాత్రి నిద్రపోయేవారిలో: 25.4.

ఈ అంకెలను రెండుసార్లు చదవండి. రాత్రి లెన్సుతో పడుకుంటే ప్రమాదం పది రెట్లు పెరుగుతోంది. గాలి బాగా ఆడే లెన్సు అయినా ఆ ప్రమాదం తగ్గలేదు.

కారణం ఏమిటి? మనం రెప్ప కొట్టిన ప్రతిసారీ కన్నీరు కంటిని కడుగుతుంది. కన్నీటిలో క్రిములను చంపే గుణం కూడా ఉంది. మెత్తని లెన్సు కింద ఈ కన్నీరు చాలా కొద్దిగా మాత్రమే కదులుతుంది. నిద్రలో రెప్ప కొట్టడం అసలే ఉండదు. కదలని చెరువు నీటిలో నాచు పట్టినట్లు, లెన్సు కింద నిలిచిన కన్నీటిలో మలినాలు, క్రిములు చేరతాయి. పైగా లెన్సు మీద క్రిములు అంటుకుని బంకలాంటి పొర కట్టుకుంటాయి. కార్నియా పైపొర ఎక్కడైనా కాస్త గీరుకుపోతే అక్కడి నుండి లోపలికి దిగుతాయి. ఆక్సిజన్ ఎంత అందినా ఇది ఆగదు.

లెన్సులు వాడేవారిలో ఎక్కువగా కనబడే సూడోమోనాస్ అనే బాక్టీరియా ఒకటి, రెండు రోజులలోనే కార్నియాను కరిగించివేయగలదు. అందుకే "రేపు చూపిద్దాంలే" అనే మాట ఇక్కడ పనికిరాదు.

నీళ్ళు కూడా శత్రువే

మన ఇళ్ళలో ఏ వస్తువునైనా నీళ్ళతో కడిగితే శుభ్రమైనట్టే లెక్క. లెన్సు విషయంలో ఇది తప్పు. కుళాయి నీరు, బోరు నీరు, బావి నీరు, చెరువు నీరు, వీటన్నిటిలో అకాంతమీబా అనే కంటికి కనబడని జీవి ఉండవచ్చు. తాగితే సాధారణంగా ఏమీ చేయదు. లెన్సుకు అంటుకుని కంటిలోకి వెళ్తే మాత్రం భరించరాని నొప్పితో పుండు వేస్తుంది. దీని చికిత్స నెలల తరబడి సాగుతుంది. ఫిల్టరు నీరు, కాచి చల్లార్చిన నీరు, ఇంట్లో కలిపిన ఉప్పునీరు కూడా లెన్సుకు వాడకూడదు. ఉమ్మి తగిలించి పెట్టుకోవడం మరీ ప్రమాదం.

తలస్నానానికి ముందు, ఈతకు ముందు, పుష్కరాల్లోనో తీర్థాల్లోనో నదిలో మునిగేముందు లెన్సులు తప్పక తీసివేయాలి.

ఇంటివారు చూడవలసిన గుర్తులు

ఈ కింది వాటిలో ఏ ఒక్కటి కనబడినా వెంటనే లెన్సు తీయించండి.

1. కన్ను ఎర్రబడడం, ముఖ్యంగా ఒక్క కన్నే ఎర్రబడడం.
2. నలుసు పడినట్లు గరగర, లెన్సు తీసినా తగ్గని నొప్పి.
3. వెలుతురు చూడలేకపోవడం, ఆగకుండా నీరు కారడం.
4. చూపు మసకగా ఉండడం.
5. పుసి కట్టడం, రెప్ప వాయడం.
6. నల్లగుడ్డు మీద తెల్లని చుక్క.

లెన్సు తీసిన తరువాత నొప్పి, ఎరుపు తగ్గకపోయినా, చూపు మసకగా ఉన్నా, తెల్లచుక్క కనబడినా అదే రోజు కంటి డాక్టరుగారి దగ్గరకు తీసుకువెళ్ళాలి. ఆదివారమైనా, పండుగైనా ఆగకండి.

వచ్చేటప్పుడు ఆ లెన్సును పారవేయకండి. లెన్సు, దాని డబ్బా, సొల్యూషన్ సీసా మూడూ వెంట తీసుకురండి. ప్రయోగశాలలో వాటిని పరీక్షించి ఏ క్రిమి వల్ల పుండు పడిందో తెలుసుకునే వీలుంటుంది.

ఈ సమయంలో చేయకూడనివి కొన్ని ఉన్నాయి. నందివర్ధనం పూల రసం, తల్లిపాలు, తేనె, ఆముదం, ఇవేవీ కంటిలో వేయకండి. మందుల షాపులో అడిగి చుక్కల మందు కొనకండి. ఇంట్లో మిగిలిపోయిన పాత చుక్కలు వేయకండి. వాటిలో స్టిరాయిడ్ ఉంటే ఎరుపు తగ్గినట్టే కనబడుతుంది, లోపల పుండు మాత్రం పెరిగిపోతుంది. కంటికి కట్టు కట్టకండి. కట్టు కింద వెచ్చదనానికి క్రిములు మరింత పెరుగుతాయి.

ఆసుపత్రిలో చేరితే మీ పని ఏమిటి?

డాక్టరుగారు మొద్దుబారే చుక్కలు వేసి, పుండు నుండి కొద్దిగా గీకి పరీక్షకు పంపుతారు. ఆ తరువాత మొదటి ఒకటి, రెండు రోజులు గంటకొకసారి చుక్కలు వేయవలసి రావచ్చు. రాత్రి కూడా వేయాలి. "పాపం నిద్రపోతోంది, లేపడమెందుకు" అని తల్లులు ఒక్కోసారి మమ్మల్ని ఆపుతారు. వారి ప్రేమ మాకు అర్థమవుతుంది. కాని ఆ రాత్రి వేసే చుక్కలే కన్నును కాపాడేవి. రెండు రకాల చుక్కలు ఉంటే మధ్యలో కనీసం 5 నిమిషాలు ఆగండి. ప్రతిసారీ ముందు చేతులు సబ్బుతో కడుక్కోండి. సీసా మొన రెప్పకు తగలనివ్వకండి.

పుండు మానిన చోట తెల్లని మచ్చ మిగలవచ్చు. దీనినే మన పెద్దలు కంటిలో పువ్వు పడింది అంటారు. అది సరిగ్గా మధ్యలో పడితే చూపు పోతుంది. అప్పుడు మరణించినవారు దానం చేసిన కార్నియాను అమర్చే ఆపరేషనే చాలామందికి దారి. దాత కోసం ఎదురుచూడాలి, ఏళ్ళ తరబడి మందులు వాడాలి. రాత్రి రెండు నిమిషాలు ఓపిక చేసుకుని లెన్సు తీయడానికీ, దీనికీ పోలిక ఎక్కడ?

రోజూ పాటించవలసిన నియమాలు

- చేతులు సబ్బుతో కడిగి, నూగు రాలని శుభ్రమైన గుడ్డతో పూర్తిగా తుడుచుకున్నాకే లెన్సును ముట్టుకోవాలి. పచ్చిమిరపకాయలు తరిగిన చేతులైతే మరింత జాగ్రత్త.
- లెన్సు తీశాక, వాడి పారేసే రకం కాకపోతే, అరచేతిలో సొల్యూషన్ వేసి వేలితో మెల్లగా రుద్ది కడగాలి. ఊరికే నానబెడితే చాలదు.
- డబ్బాలో నిన్నటి సొల్యూషన్ పారబోసి, ప్రతి రోజూ కొత్తది పోయాలి. పాతదానిలో కొత్తది కలపకూడదు.
- ఖాళీ డబ్బాను సొల్యూషన్‌తోనే కడిగి, బోర్లించి ఆరనివ్వాలి. బాత్‌రూములో ఉంచకూడదు. మూడు నెలలకు ఒకసారి డబ్బా మార్చాలి.
- రెండు వారాల లెన్సును రెండు వారాలకు, నెల లెన్సును నెలకు పారేయాలి. "బాగానే ఉంది కదా" అని పొడిగించకూడదు. ఒకరోజు లెన్సును దాచి మర్నాడు పెట్టుకోకూడదు.
- లెన్సు పెట్టుకున్నాక కాటుక పెట్టుకోవాలి. లెన్సు తీశాక కాటుక తుడుచుకోవాలి.
- మధ్యాహ్నం కునుకైనా, రాత్రి బస్సు ప్రయాణమైనా, లెన్సు తీసే కళ్ళు మూయాలి.
- సరైన పవరు కళ్ళజోడు ఒకటి ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి. జోడు లేనివారే కన్ను ఎర్రబడినా లెన్సు తీయరు.
- ఏ బాధ లేకపోయినా ఏడాదికి ఒకసారి కంటి పరీక్ష చేయించాలి.

తరచుగా అడిగే ప్రశ్నలు

మా అబ్బాయి చదువుతూ లెన్సులతోనే నిద్రపోయాడు. ఏం చేయాలి?

లేవగానే లాగి తీయవద్దు. నిద్రలో లెన్సు ఎండి కంటికి అంటుకుని ఉండవచ్చు. లెన్సులతో వాడదగిన తడి చుక్కలు వేసి, కాసేపు రెప్పలు కొట్టి, లెన్సు కదిలాక తీయాలి. ఆ రోజంతా కళ్ళజోడు వాడాలి. ఎరుపు, నొప్పి ఉంటే పైన చెప్పినట్లు ఆసుపత్రికి రావాలి.

ఆపరేషన్ తరువాత డాక్టరుగారే లెన్సు పెట్టి రాత్రింబవళ్ళు ఉంచమన్నారు. అది ప్రమాదం కాదా?

అది చూపు కోసం పెట్టిన లెన్సు కాదు, గాయం మానడానికి కట్టులాగా పెట్టినది. గాలి బాగా ఆడే లెన్సునే అందుకు ఎంచుకుంటారు. సాధారణంగా దానితో క్రిములను అరికట్టే చుక్కలు కూడా ఇస్తారు. ఆ చుక్కలు మానకండి. చెప్పిన తేదీకి తప్పక వచ్చి తీయించుకోండి. మీరే తీయవద్దు, జారిపడితే మళ్ళీ పెట్టవద్దు, వెంటనే తెలియజేయండి.

పవరు లేని రంగు లెన్సులు పెళ్ళికి ఒక్కరోజు పెట్టుకోవచ్చా?

పవరు లేకపోయినా అదీ కంటి మీద కూర్చునేదే. రంగు లెన్సులలో చాలావాటికి గాలి తక్కువ ఆడుతుంది. కంటి కొలత తీయకుండా, బ్యూటీ పార్లరులోనో బజారులోనో కొన్నవి పెట్టుకోకూడదు. అక్కచెల్లెళ్ళు, స్నేహితురాళ్ళు ఒకరి లెన్సు ఒకరు ఎంత మాత్రం మార్చుకోకూడదు.

అయితే అసలు లెన్సులు మానిపించాలా?

అవసరం లేదు. నియమంగా వాడేవారిలో ప్రమాదం చాలా తక్కువని పై లెక్కలే చెబుతున్నాయి. ఎక్కువ పవరు ఉన్నవారికి, రెండు కళ్ళకు పవరులో పెద్ద తేడా ఉన్నవారికి లెన్సు ఎంతో మేలు చేస్తుంది. నియమాలు పాటించలేని వయసు పిల్లలకు, దుమ్ములో పనిచేసేవారికి, మాటిమాటికి కళ్ళు ఎర్రబడేవారికి మాత్రం కళ్ళజోడే మంచిది.

గుర్తుంచుకోండి

గాలి ఆడే లెన్సు కార్నియాకు ఆక్సిజన్ ఇస్తుంది. క్రిముల నుండి కాపాడదు. కాపాడేవి శుభ్రమైన చేతులు, కొత్త సొల్యూషన్, నీళ్ళు తగలని లెన్సు, రాత్రి లెన్సు లేని నిద్ర. ఈ రాత్రి పడుకునేముందు మీ ఇంట్లో లెన్సు పెట్టుకునేవారిని ఒక్కసారి అడగండి: "లెన్సులు తీశావా?"